అట్టిపెట్టిన అక్షరాలు

ఇద్దామనేవారు: ఇంగ్లిషు అక్షరాలు 26, అంకెలు 10. డాట్ కామ్‌లో ఒకే అక్షరమో ఒకే అంకో ఉండే పేర్లు మొత్తం 36 రావాలి. జనం చేతిలో ఉన్నవి మూడే: క్యూ, ఎక్స్, జడ్. తక్కిన 33కీ 1993లో తాళం పడింది. వేయించిన జాన్ పోస్టెల్, అప్పట్లో ఇంటర్నెట్ పేర్ల బాధ్యత చూసిన మనిషి, 1998లో కన్నుమూశారు. ఏ అవసరం కోసం వేశారో ఆ అవసరం ఎన్నడూ రాలేదు. తాళం మాత్రం అలాగే ఉంది. ఇంకా ఎన్నాళ్లండీ?

ఉంచుదామనేవారు: ఊరికే వెయ్యలేదు కదా. డాట్ కామ్ మరీ పెరిగిపోతే మొదటి అక్షరాన్ని బట్టి ముక్కలు చేసుకోవచ్చన్నది అప్పటి ఆలోచన. 'ఐ'తో మొదలయ్యే కంపెనీలన్నీ ఐ.కామ్ కింద, 'ఎం'తో మొదలయ్యేవన్నీ ఎం.కామ్ కింద. ఆ అవసరం రాలేదు, ఒప్పుకుంటాను. ఇవాళ డాట్ కామ్‌లో 15 కోట్లకు పైగా పేర్లున్నా సర్వర్లు మోస్తూనే ఉన్నాయి. కానీ అదే 1993లో ఇంకొకటి కూడా బయటపడింది. ఎవరో 'ఈడీయూ.కామ్' అనే పేరు నమోదు చేసుకున్నారు. అప్పటి కంప్యూటర్లకు ఒక పాడలవాటు ఉండేది. కంపెనీలో కూర్చుని ఏదైనా యూనివర్సిటీ చిరునామా కొడితే, అది పూర్తి చిరునామా అని నమ్మేవి కావు. ముందు దాని చివర తమ కంపెనీ చిరునామా మొత్తం తగిలించి వెతికేవి. దొరక్కపోతే ఒక్కో ముక్కా తీసేస్తూ వచ్చి, చివరికి ఒట్టి డాట్ కామ్ తగిలించి చూసేవి. అలా యూనివర్సిటీకి పోవాల్సిన ప్రశ్న ఈడీయూ.కామ్ గుమ్మంలో పడేది. ఆర్‌ఎఫ్‌సీ 1535 అనే పత్రం పుట్టింది ఇందుకే. పేరు తీసుకున్నవాళ్లకు దురుద్దేశం ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఉండి ఉంటే ఎవరి పాస్‌వర్డులో వాళ్ల చేతికి వచ్చేవి. ఈడీయూతో అంత ప్రమాదమైతే, దేశాలకిచ్చిన రెండక్షరాల కోడ్‌లతో అదే ప్రమాదం రెండు వందల దారుల్లో వస్తుంది. రెండక్షరాల పేర్లంటే భయం అక్కడ మొదలైంది.

ఇద్దామనేవారు: మందు కూడా ఆ పత్రంలోనే రాశారు, వేశారు కూడా. ముప్పై ఏళ్ల కిందటి సాఫ్ట్‌వేర్ జబ్బు చూపించి ఇవాళ్టి అక్షరాలు ఆపడం ఏం న్యాయం? 2007లో, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే సంస్థ తరఫున రిజర్వు పేర్లను పరిశీలించిన కార్యవర్గం కూడా ఏకాక్షర పేర్లను వదలవచ్చనే చెప్పింది. అంత దూరం ఎందుకు, తెలుగు వికీపీడియా చిరునామా చూడండి, 'టీఈ'తో మొదలవుతుంది. కన్నడానిది 'కేఎన్', మలయాళానిది 'ఎంఎల్'. దేశాల పట్టికలో కేఎన్ అంటే సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, ఎంఎల్ అంటే మాలి. మలయాళ వికీపీడియా తెరిచి, మాలి ప్రభుత్వ వెబ్‌సైటులోకి వచ్చిపడ్డానని కంగారుపడిన మనిషిని ఒక్కణ్ని చూపించండి.

ఉంచుదామనేవారు: మాలి పేరు మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. అమెరికా సైన్యం ఈమెయిల్ చిరునామాలు డాట్ మిల్‌తో ముగుస్తాయి. మధ్యలో ఐ అక్షరం వేలికి తగలకపోతే అది డాట్ ఎంఎల్. అలా లక్షకు పైగా మెయిళ్లు మాలి దారి పట్టాయని 2023లో బయటపడింది. వాటిలో వైద్య పరీక్షల కాగితాలున్నాయి, అధికారుల ప్రయాణ వివరాలున్నాయి. ఇందులో హ్యాకింగ్ లేదు, వైరస్ లేదు, టైపింగులో జారిన వేలొక్కటే ఉంది. పేరు ఎంత పొట్టిదైతే జారిన వేళ్లు అంత ఎక్కువగా దాని మీద పడతాయి. మీ సాఫ్ట్‌వేర్ మందు మనిషి వేలికి పనిచెయ్యదు.

ఇద్దామనేవారు: ఇది గట్టి మాటే. పొట్టి పేరు దక్కినవాళ్ల మీద ఒక నిబంధన పెట్టాలి: తమది కాని మెయిల్ వస్తే దాచుకోకూడదు, తిప్పికొట్టాలి. దీనికి నేను సిద్ధం. అయితే ఆ కారణంగా పేరే ఇవ్వనంటే మాలికి ఎంఎల్ కూడా ఇవ్వకుండా ఉండాల్సింది. ఇప్పుడు జర్మనీ సంగతి వినండి. అక్కడ డాట్ డీఈ పేర్లు చూసేది డెనిక్. రెండక్షరాల పేర్లు ఇవ్వనని ఏళ్ల తరబడి భీష్మించుకుంది. ఒక కారణం మీరు మొదట చెప్పిన ఈడీయూ.కామ్ ప్రమాదమే. రెండోది విచిత్రం: బండ్ల నంబరు ప్లేట్ల మీది ఊళ్ల కోడ్‌లు. బెర్లిన్‌కు బీ, హాంబర్గ్‌కు హెచ్‌హెచ్. ఎప్పుడైనా ప్రాంతాల వారీగా పేర్లు పంచాల్సి వస్తే పనికొస్తాయని వాటినీ దాచారు. పంచింది లేదు. ఈలోగా జర్మన్ రైల్వే మాత్రం ముందెప్పుడో దక్కిన డీబీ.డీఈ వాడుకుంటోంది. ఫోక్స్‌వాగన్‌కు వీడబ్ల్యూ.డీఈ ఇవ్వనన్నారు. కంపెనీ కోర్టుకెక్కింది. ఒకరికి ఉన్నది ఇంకొకరికి కాదనడం పోటీ చట్టానికి విరుద్ధమని 2008లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు తేల్చింది. 2009 అక్టోబర్ 23 ఉదయం 9 గంటలకు డెనిక్ గేట్లెత్తేసింది. ఏమైంది? జర్మనీలో ఇంటర్నెట్ కూలిందా?

ఉంచుదామనేవారు: కూలలేదు. ఎవరికి దక్కాయో కూడా చెప్పండి మరి. ముందొచ్చినవారికి ముందు అన్నారు. ఆ ఉదయం ముందొచ్చింది మనుషులు కాదు, రిజిస్ట్రార్ల దగ్గరి మెషిన్లు. తన నంబరు ప్లేటు కోడ్‌నే తన పేరుగా పెట్టుకుందామనుకున్న చిన్న ఊరి మున్సిపాలిటీ గుమాస్తా ఆ పరుగులో ఎక్కడ ఉంటాడు? ముప్పావు గంట ఆలస్యంగా ఆఫీసుకొచ్చి సీటులో కూర్చునేసరికి పందెం ముగిసిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి అందరికీ ఆపి, ఒక్క పూటలో మెషిన్లకు వదిలేశారు.

ఇద్దామనేవారు: అది విడుదలలో తప్పు కాదు, విడుదల చేసిన తీరులో తప్పు. బ్రిటన్‌లో అక్కడి పేర్లు చూసే నామినెట్ 2011లో ఇదే పని నెమ్మదిగా చేసింది. డాట్ యూకే కింద ఒకటి, రెండక్షరాల పేర్లు 2,800 పైచిలుకు. ముందు రిజిస్టరైన ట్రేడ్‌మార్కు ఉన్నవారిని పిలిచింది, తర్వాత రిజిస్ట్రేషన్ లేకపోయినా ఆ పేరు మీద హక్కు చూపించగలిగినవారిని, ఆ తర్వాతే మిగతా అందరినీ. ఒకే పేరుకు ఇద్దరొస్తే వేలం. మిగులు సొమ్ము సంస్థ జేబులో వేసుకోలేదు, నామినెట్ ట్రస్టుకు ఇచ్చింది, సమాజానికి పనికొచ్చే పనులకు. తప్పు పట్టండి చూద్దాం.

ఉంచుదామనేవారు: మర్యాదైన పద్ధతే. తప్పు పట్టను, చిన్న నలుసు చూపిస్తాను. ఒక్క అక్షరం వందమందికి పొట్టి పేరవుతుంది. అందులో ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లను ముందు పిలిచామంటే లాయరు ఫీజు పెట్టుకోగలిగినవాళ్లను ముందు పిలిచామనే. మూడో వరుసలో నిలబడ్డవాడి దాకా ఏ అక్షరం మిగులుతుంది?

ఇద్దామనేవారు: వేలంలో వచ్చే చిక్కు అది. వేలం లేకపోతే సిఫారసు ఉంటుంది, అది ఇంకా పెద్ద చిక్కు. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 నంబరుకు లక్షలు పాడుతున్నారు. ఎవరికి మోజుంటే వాళ్లు కడతారు, డబ్బు ఖజానాకు పోతుంది, 4817 నంబరు వచ్చినవాడి కారూ అంతే వేగంగా పోతుంది. ఎవరికి నష్టం?

ఉంచుదామనేవారు: ఖైరతాబాద్ నంబరు ఆ బండితో ఉంటుంది. అక్షరం అలా కాదు, చేతులు మారినకొద్దీ ధర పెరుగుతుంది. జడ్.కామ్‌ను నిస్సాన్ దగ్గర 2014లో జపాన్‌కే చెందిన జీఎంఓ కొన్నది 80 కోట్ల యెన్‌లకు. 2010లో ఫేస్‌బుక్ ఎఫ్‌బీ.కామ్ కోసం అమెరికన్ ఫార్మ్ బ్యూరోకు 85 లక్షల డాలర్లు ఇచ్చింది.

ఇద్దామనేవారు: రైతు సంఘానికి నాలుగు డబ్బులొస్తే మీకెందుకండీ కడుపుమంట?

ఉంచుదామనేవారు: ఆ సంఘానికి వచ్చినందుకు సంతోషమే. కానీ ఆ ధర ఎక్కణ్నుంచి పుట్టింది? కొరత నుంచి. ఆ కొరతను తాళమే పుట్టించిందని మీరంటారు. నేనొప్పుకుంటాను కూడా. అలాంటప్పుడు ఆ కొరత విలువ అందరిదీ అవుతుంది, మొదట చేతికి చిక్కినవాడి సొంతం కాదు.

ఇద్దామనేవారు: అక్కడికే వస్తున్నాను. ఓ.కామ్ కథ తెలుసు కదా. ఓవర్‌స్టాక్ అనే అమెరికా ఆన్‌లైన్ దుకాణం ఆ అక్షరం కోసం ఏళ్ల తరబడి తిరిగింది. దొరక్క 2010లో కొలంబియా దేశం డొమైన్‌లో ఓ.కో అనే పేరును మూడున్నర లక్షల డాలర్లకు కొంది. ఆ పేరుతోనే ప్రచారం చేసింది, ఓక్లండ్ స్టేడియానికి కూడా ఓ.కో కొలీజియం అని పెట్టించింది. జనం ఏం చేశారు? అలవాటు కొద్దీ ఓ.కామ్ కొట్టారు. అక్కడ శూన్యం. కంపెనీ మళ్లీ పాత పేరుకే వచ్చింది. చివరికి 2019లో ఐకాన్ బోర్డు ఆ ఒక్క అక్షరాన్ని ప్రయోగంగా వేలానికి పెట్టవచ్చని ఒప్పుకుంది. షరతులు చూడండి: డాట్ కామ్ నడిపే వెరిసైన్‌కు ముట్టేది అప్పటి మామూలు ఫీజు 7 డాలర్ల 85 సెంట్లే. పాట సొమ్ము లాభాపేక్ష లేని పనులకు. గెలిచినవాళ్లు ఒకసారి కట్టి ఊరుకుంటే కుదరదు, పాట మొత్తంలో కొంత శాతం చొప్పున పాతికేళ్లు ఏటా కట్టాలి. కొరత విలువ అందరిదీ అని మీరన్నది ఇంతకంటే చక్కగా ఎవరు రాశారు? నా బాధల్లా, ఈ మూడు షరతులు రాయడానికి పదేళ్లకు పైగా ఎందుకు పట్టిందన్నదే.

ఉంచుదామనేవారు: ఆ కథకు తోక మీరు వదిలేశారు. 2023లో ఓవర్‌స్టాక్, దివాలా తీసిన బెడ్ బాత్ అండ్ బియాండ్ అనే దుకాణం పేరు కొనుక్కుని తన సైటుకు ఆ పేరే తగిలించుకుంది. అంటే 'ఓ' కోసం అన్నేళ్లు తిరిగిన కంపెనీ 'ఓ'తో మొదలయ్యే తన పేరునే పక్కన పెట్టింది. క్యూ.కామ్ వాడుకున్న క్వెస్ట్ అనే టెలిఫోన్ కంపెనీ 2011లో సెంచురీలింక్‌లో కలిసిపోయింది. ఎక్స్.కామ్ ఒక ఆన్‌లైన్ బ్యాంకుగా పుట్టింది, పేపాల్ చేతిలో ఏళ్ల తరబడి పడుకుంది, 2017లో ఎలాన్ మస్క్ మళ్లీ కొన్నాడు, 2023లో ట్విట్టర్ నెత్తికెక్కింది. కంపెనీ ఆయుష్షు పదేళ్లో ఇరవయ్యేళ్లో, అక్షరానికి ఆయుష్షు లేదు. ఒకరి ఇరవయ్యేళ్ల మోజు కోసం శాశ్వతమైనదాన్ని రాసిచ్చేద్దామా?

ఇద్దామనేవారు: శాశ్వతంగా ఎవరిస్తున్నారు? ఏటా రెన్యువల్ ఉంటుంది. ఓవర్‌స్టాక్‌కు 2005లోనే ఇచ్చి ఉంటే ఇవాళ ఇంకొకరికి అమ్మేది, వాళ్లు వాడేవారు. అక్షరం పాచిపోదు. బీరువాలో ఉన్నా పాచిపోదు గానీ, బీరువాలో ఉన్నన్నాళ్లూ ఒక్కడికీ పనికిరాదు.

ఉంచుదామనేవారు: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏకాక్షరాల వరకైతే, ఓ.కామ్ షరతుల మీద వదలొచ్చని సగం మనసుతో ఒప్పుకుంటాను. రెండక్షరాల దగ్గర మాత్రం కదలను. అక్కడ ఎదురుగా ఉన్నది కంపెనీ కాదు, దేశం.

ఇద్దామనేవారు: ఆ సంగతి మన హైదరాబాద్‌లోనే తేలిపోయిందండీ. 2016 నవంబర్‌లో ఐకాన్ 57వ సమావేశం హెచ్‌ఐసీసీలో జరిగింది. నవంబర్ 8న బోర్డు తీర్మానం చేసింది. ఆ రాత్రి ఎనిమిదింటికి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది కాబట్టి ఊళ్లో ఎవరికీ గుర్తుండదు. డాట్ పిజ్జా, డాట్ ఫొటో, డాట్ బ్యాంక్ లాంటి కొత్త డొమైన్లు అప్పటికే వెయ్యి దాటాయి. ఒప్పందం ప్రకారం వాటన్నిటిలోనూ రెండక్షరాల పేర్లు రిజర్వు. అంకె కలిసినవాటిని 2014లోనే వదిలేశారు. రెండూ అక్షరాలే అయినవి 676. అందులో దేశాల కోడ్‌లు పోను 427 పేర్లు ఏ దేశానివీ కావు, అవీ అన్నేళ్లు ఊరికే బందీలయ్యాయి. హైదరాబాద్ తీర్మానం దేశాల కోడ్‌లతో సహా వదలడానికి ఒప్పుకుంది, జాగ్రత్తలతోనే. పేరు తీసుకున్నవాళ్లు ఆ దేశ ప్రభుత్వంతో సంబంధం ఉన్నట్టు నటించకూడదు. ఫిర్యాదు వస్తే ఆ డొమైన్ నడిపే రిజిస్ట్రీ విచారించాలి. అమ్మకానికి పెట్టే ముందు 30 రోజులు ఆ ప్రభుత్వానికే అవకాశం. ఇంకేం కావాలి?

ఉంచుదామనేవారు: ప్రభుత్వాలు ఏమన్నాయో కూడా చెప్పాలి. ఆ తీర్మానం మీద గుర్రుగా ఉన్న దేశాలు 2017 మార్చిలో కోపెన్‌హేగెన్‌లో మళ్లీ ఎత్తుకున్నాయి, తమతో కూర్చుని మాట్లాడమని బోర్డుకు సలహా ఇచ్చాయి. ఎందుకో మన రోడ్డు మీదే చూపిస్తాను. 2024 మార్చి నుంచి తెలంగాణ బండ్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది. ప్రపంచ పట్టికలో టీజీ అంటే టోగో. కోటికి లోపు జనాభా ఉన్న పశ్చిమాఫ్రికా దేశం. రేపు ఏదో ఒక కొత్త డొమైన్‌లో 'టీజీ' పేరు అమ్మకానికి వస్తుంది. ఇలాంటి రిజిస్ట్రీలు వెయ్యికి పైగా ఉంటే, ఏ రోజు ఎవరు అమ్మకానికి పెట్టారో టోగోలో కనిపెట్టి కూర్చునేది ఎవరు? అక్కడి టెలికాం శాఖలో ఈ పని చూసే మనిషి ఒక్కడుంటే గొప్ప. అమెరికా, చైనా ఆఫీసర్లను పెట్టుకుంటాయి. చిన్న దేశానికి మీ 30 రోజులు కంటితుడుపే.

ఇద్దామనేవారు: తెలంగాణ కుర్రాడు తన స్టార్టప్‌కు టీజీ పెట్టుకుంటే టోగోకు ఏం పోయింది? పట్టిక టోగోకు ఇచ్చింది చిట్టచివరి డాట్ టీజీని. భూమ్మీద టీ పక్కన జీ ఎక్కడ కనబడినా తమదేనని కాదు. పైగా దేశాలే తమ కోడ్‌లను ఏం చేశాయి? తువాలు తన టీవీని ప్రపంచ టీవీ వ్యాపారానికి అమ్ముకుంది. కొలంబియా తన 'కో'ను కంపెనీలకు అమ్మకానికి పెట్టింది. అంగ్విల్లాకు ఏఐ వల్ల 2023లో ప్రభుత్వాదాయంలో ఇంచుమించు ఐదో వంతు వచ్చింది. ఏఐ అని చూసి అంగ్విల్లాను తలుచుకున్నవాళ్లెవరు? గుర్తింపు, గౌరవం అన్న మాటలు ఆ దేశాలే పక్కన పెట్టాక మనం ఎత్తుకోవడం ఎందుకు?

ఉంచుదామనేవారు: మీ ఉదాహరణే నా వాదన. అంగ్విల్లా జనాభా పదిహేను వేల చిల్లర. ఏఐ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి, అమ్మాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకున్నారు, డబ్బు వాళ్ల ఖజానాకే చేరింది. అదే రెండక్షరాలు ఇంకో వెయ్యి డొమైన్లలో అమ్ముడైతే ఆ సొమ్ములో అంగ్విల్లాకు పైసా రాదు. టోగోకూ రాదు. నేను గౌరవం గురించి మాట్లాడటం లేదు, లెక్క గురించి మాట్లాడుతున్నాను.

ఇద్దామనేవారు: లెక్కలో మీదే పైచేయి అనుకుందాం. అయితే అసలు ఈ 'పొట్టి' అన్న కొలతే ఇంగ్లిషు మీద గీసింది కదా. మన లిపిలో డాట్ భారత్ ఉంది. 'శ్రీ' మనకు ఒక్క అక్షరం, కంప్యూటరుకు నాలుగు సంకేతాలు. 'ఈ' మనకూ ఒకటే, దానికీ ఒకటే. సంకేతాల లెక్కన రిజర్వు చెయ్యబోతే 'ఈ' చిక్కుకుంటుంది, 'శ్రీ' తప్పించుకుంటుంది. ఇలాంటి కొలబద్ద పట్టుకుని నిషేధాలు రాస్తే ఎలా?

ఉంచుదామనేవారు: కొలబద్ద మార్చుకుందాం, అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం చూడండి. 2025లో రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ బ్యాంక్.ఇన్ కిందికి రమ్మంది, అక్టోబర్ 31 గడువు పెట్టింది. రిజిస్ట్రార్‌గా ఉన్నది మాసబ్ ట్యాంక్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. మోసగాళ్ల నకిలీ సైట్ల నుంచి జనాన్ని కాపాడటానికే ఇదంతా. ఆ నాలుగక్షరాలు డాట్ ఇన్‌లో ఏ బేరగాడి చేతిలోనో బిగుసుకుపోయి ఉంటే రిజర్వ్ బ్యాంకు ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? ముందుచూపుతో ఒక పేరు పట్టుకుని ఉండటానికి విలువ ఉంది, అది ఇరవయ్యేళ్ల తర్వాత గానీ కనబడదు. అదలా ఉంచి, బ్యాంక్.ఇన్‌ను తిరగేయండి. ఇన్.బ్యాంక్ అవుతుంది. 'బ్యాంకూ, ఇన్నూ ఉంటే అసలుదే నాన్నగారూ' అని కొడుకు ఫోనులో చెబితే, పెన్షన్ చూసుకునే రిటైర్డు మేష్టారు ఏది ముందో ఏది వెనకో గుర్తుపెట్టుకుంటారా?

ఇద్దామనేవారు: డాట్ బ్యాంక్‌లో ఎవరు పడితే వాళ్లు పేరు కొనలేరు. బ్యాంకు అని రుజువు చేసుకోవాలి. అయినా మేష్టారి విషయంలో మీ మాట కాదనను. డబ్బు, వైద్యం, ప్రభుత్వం, ఈ మూడింటి వాసన ఉన్న డొమైన్లలో దేశాల కోడ్‌లు ఆపండి, నాకు అభ్యంతరం లేదు. ఇన్.పిజ్జా మీద మాత్రం మేష్టారికి ఏ ప్రమాదమూ లేదు. అన్నిటికీ ఒకే తాళం అంటేనే నా గొడవ.

ఉంచుదామనేవారు: అలా అయితే నా షరతులు చెబుతాను. ఒకటి, పొట్టి పేరు దక్కినవాళ్లు పదేళ్ల దాకా బయట అమ్మకూడదు, వద్దనుకుంటే రిజిస్ట్రీకే తిరిగివ్వాలి. రెండు, వేలం సొమ్ము రిజిస్ట్రీకి చెందకూడదు. దేశం కోడ్ అయితే అందులో ఆ దేశానికి వాటా. మూడు, ఆ ప్రభుత్వానికి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబుకు ఏడాది ఆగాలి.

ఇద్దామనేవారు: మొదటిది ఒప్పుకుంటాను. రెండోదాంట్లో సొమ్ము రిజిస్ట్రీకి పోకూడదన్నంత వరకు సరే, దేశానికి వాటా అంటే ఆ అక్షరాలు దేశానివేనని సంతకం పెట్టినట్టవుతుంది, అది పెట్టను. మూడోది కుదరదు. వెయ్యి డొమైన్లు, ఒక్కో కోడ్‌కూ ఏడాది అంటే మళ్లీ పాత తాళమే. 30 రోజులు చాలవంటే 90 చెయ్యండి.

ఉంచుదామనేవారు: రోజులు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ 30 రోజుల నిబంధన ఇంకోసారి చదవండి. సంబంధం ఉన్నట్టు నటించకూడదన్నది తప్పనిసరి. ఫిర్యాదు విచారించాలన్నది తప్పనిసరి. ప్రభుత్వానికి ముందుగా అవకాశం ఇవ్వడం మాత్రం రిజిస్ట్రీ ఇష్టానికి వదిలేశారు. ఇవ్వకపోయినా అడిగే నాథుడు లేడు.